కొనేవాళ్ళకంటే ఎత్తున కూర్చోని మనిషి

మా వార్డులో కొత్తగా చేరిన సిస్టరు మొన్న నన్ను చూసి కంగారు పడింది. పడదూ మరి. జుట్టు సగం నెరిసిన సర్జనమ్మ, మోకాళ్ళ నొప్పులని పొద్దస్తమానం విసుక్కునే మనిషి, రోగి మంచం పక్కనున్న మెట్టుబల్ల మీద కూర్చుని కబుర్లు చెబుతోంది. మంచం ఎక్కేటప్పుడు కాలు పెట్టుకోవడానికి ఉండే ఇనప మెట్టు అది. కూర్చోవడానికి చేసింది కాదు. ఆ పిల్ల గబగబా వెళ్ళి కుర్చీ తెచ్చి నా వెనకాల వేసింది. వద్దన్నాను. మొహమాటానికి అంటున్నాననుకుని ఇంకాస్త దగ్గరికి జరిపింది. కసురుకున్నాను. పాపం, మొహం చిన్నబుచ్చుకుని గోడకి ఆనుకుని నిలబడింది.

బయటికొచ్చాక మెల్లగా అడిగింది. "మేడమ్, మీకు మోకాళ్ళు నొప్పి కదండీ. అంత కింద ఎందుకండీ?" అలవాటమ్మా అని తప్పించుకున్నాను. అలవాటే. కాకపోతే నాది కాదు. తాడేపల్లిగూడెంలో బట్టల కొట్టు నడిపిన ఒక పెద్దాయనది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. మనిషి పోయినా అలవాటు నాకు అంటుకుని ఉండిపోయింది, నా మోకాళ్ళ ఖర్మకొద్దీ.

మాది నిడమర్రు అవతల, కొల్లేటి గట్టు మీద ఓ చిన్న ఊరు. పెళ్ళి బట్టలన్నా, పురిటి బట్టలన్నా, పండక్కి లంగా జాకెట్లన్నా మాకు గూడెమే. బజారు వీధిలో ఎన్ని కొట్లున్నా మా అమ్మ బస్సు దిగి తిన్నగా ఆయన కొట్టుకే నడిచేది. రోడ్డు మీదికి నడుమెత్తు అరుగు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, కాళ్ళు దులుపుకుని ఎక్కితే, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుపులు. వాటి మీద ఉతికిన తెల్ల దుప్పటి. గల్లాపెట్టె ముందు ఆయన, ఎదురుగా మేము, వెనకాల బీరువాల దగ్గర గుమాస్తా. అందరం ఆ పరుపుల మీదే. కుర్చీ అన్నది ఆ కొట్లో మందుకి కూడా దొరికేది కాదు.

కొనేవాళ్ళకంటే అమ్మేవాడు ఎత్తున కూర్చోకూడదని ఆయన చట్టం. వాళ్ళ నాన్నగారు పెట్టిన చట్టమట. ఒకసారి మా నాన్న కాలికి కట్టుతో వచ్చి, అరుగు ఎక్కలేక మెట్ల మీదే కూర్చుండిపోయాడు. పైకి ఎక్కించడానికి గుమాస్తా చెయ్యి అందించబోతే ఆయన వద్దని, తనే లేచి వచ్చి, మా నాన్నకంటే ఓ మెట్టు కింద, చెప్పుల మధ్య చతికిలబడి పంచెలూ తువ్వాళ్ళూ చూపించారు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. మా నాన్న సిగ్గుతో చచ్చిపోయాడు. ఆయన మాత్రం పంచె అంచు ఎండలోకి పట్టి, నేత ఎంత దగ్గరగా ఉందో వివరంగా చెబుతూనే ఉన్నారు.

ఇంకో అలవాటు ఉండేది. చీర విప్పేముందు ఎదర ఉన్న దుప్పటిని అరచేత్తో ఒకసారి నిమిరేవారు. ముడత ఉన్నా నిమరడమే, లేకపోయినా నిమరడమే. ఆ తరవాత "చూడండమ్మా" అనేవారు. ఆ చెయ్యి కదిలిందంటే చాలు, నా ఒళ్ళంతా కళ్ళయ్యేవి. ఇప్పటికీ ఉతికిన తెల్ల దుప్పటి కనిపిస్తే దాని మీద ఏదో రంగు విప్పబోతున్నారనే అనిపిస్తుంది నాకు. ఆసుపత్రిలో పనిచేసే మనిషికి ఇదేం పిచ్చో.

కొత్తవాళ్ళు వస్తే ముందు ఊరు అడిగేవారు, ఆ వెంటనే ఆ ఊరి నీళ్ళ సంగతి. మెట్టవాళ్ళకి ఒక రంగు చెప్పేవారు, కాలవ కిందవాళ్ళకి ఇంకోటి. మా కొల్లేటి వాళ్ళకి తెలుపు, లేత గులాబీ చస్తే చూపించేవారు కాదు. మీ నాచు నీళ్ళలో అవి నిలబడవండీ అనేవారు. ఇదంతా నిజమని నేను పూచీ పడను. మా అక్క పెళ్ళికి ఆయన ఎంచి మరీ ఇచ్చిన ఆనందా నీలం చీర తొలి ఉతుక్కే వెలిసిపోయింది. మా అమ్మ ఏడాది పాటు ఆయన్ని తిట్టింది. మళ్ళీ ఏడాది అక్కడికే వెళ్ళింది.

ఎందుకు వెళ్ళేదంటే, ఒక ప్రశ్నకి జవాబు కోసం. ఆడవాళ్ళు అందరూ గుట్టలు గుట్టలుగా విప్పించి, మతి పోగొట్టుకుని, చివరికి అదే అడిగేవారు. "మీ ఇంట్లోవాళ్ళకైతే ఏది తీసుకెళ్తారండీ?" అని. మిగతా కొట్లవాళ్ళు ఠక్కున ఖరీదైనది చూపిస్తారు. ఈయన అలా కాదు. కొంగు ఒకటి తీసి తన ముంజేతి మీద వేసుకుని, పక్కకి పెట్టి, ఇంకోటి వేసుకుని, నిజంగానే ఇంటికి తీసుకెళ్ళేవాడిలా తేల్చుకుని అప్పుడు చెప్పేవారు. అది ఒక్కోసారి తప్పయ్యేది. కానీ అబద్ధం ఎప్పుడూ కాలేదు.

ఓ వేసవిలో మా అమ్మ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కొట్టంతా తిరగేయించింది. ఏదీ నచ్చలేదు. లేచిపోదామంటే గుమాస్తా మొహం చూసి భయం. చివరికి నా చెయ్యి పట్టుకుని దొంగలా లేచింది. ఆయన కూర్చోమన్నారు. కూజాలోంచి ఇత్తడి గ్లాసులోకి స్వయంగా నీళ్ళు వంచి ముందు నాకు, తరవాత అమ్మకి ఇచ్చారు. మేం మెట్లు దిగుతుంటే గుమాస్తా ఏదో సణిగాడు. ఆయన జవాబు నాకు స్పష్టంగా వినపడింది. "మెట్లెక్కి వచ్చినవాళ్ళకి చూపించడానికి మన దగ్గర ఏదీ లేనప్పుడు, మంచినీళ్ళైనా ఇచ్చి పంపాలిరా. ఎండిన నోటితో దిగకూడదు."

ఆ తరవాత నా చదువు, ఉద్యోగం, పెళ్ళి అన్నీ అయి ఏలూరులో స్థిరపడ్డాను. బట్టలు కొనడం ఫోన్లోకి వచ్చేసింది. ఆ కొట్టు ఉందో లేదో కూడా పట్టించుకోలేదు.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, ముసురు పట్టి ఉన్న రోజు, గూడెం నుంచి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు. చలిజ్వరం. కుడి డొక్క పట్టుకుని మూలుగుతున్నారు. కళ్ళు పచ్చబడ్డాయి. వెంట కొడుకు, కోడలు. నేను పొట్ట మీద చెయ్యి వెయ్యబోయేలోగా ఆయన చెయ్యి పక్కకి వచ్చి, స్ట్రెచరు మీది దుప్పటిని నిమిరింది. నేను మొహం చూసి గుర్తు పట్టలేదు. మొహంలో ఏం మిగల్లేదు. ఆ చెయ్యిని చూసి గుర్తు పట్టాను.

స్కానింగులో తేలింది. పిత్తాశయం ఉబ్బిపోయి ఉంది. మన వైపు చాలామంది గాల్ బ్లాడర్ అనే అంటారు. లోపల రాళ్ళు, ఒక రాయి వెళ్ళి దారికి అడ్డం పడింది. కిందికి పోవాల్సిన పసరు లోపలే నిలిచి చీము పట్టింది. ఇంకెవరికైనా అయితే ఆ సంచిని తీసి పారేసి, నాలుగు రోజుల్లో ఇంటికి పంపేదాన్ని. చేతిలో పని అది. కానీ ఈయన గుండె ఎప్పుడో దెబ్బ తింది. కాళ్ళ వాపు, వెల్లకిలా పడుకుంటే ఆయాసం. గుండె డాక్టరు, మత్తు డాక్టరు ఇద్దరూ వచ్చి చూసి, ఆపరేషను బల్ల మీదకి ఎక్కిస్తే దించలేమని ఒక్క మాట మీద తేల్చేశారు. కొయ్యడం వచ్చినవాళ్ళకి కొయ్యకూడదని వినడం ఎంత కష్టమో ఇతరులకి చెప్పినా అర్థం కాదు.

కొడుకుని వరండాలోకి పిలిచి చెబుతున్నాను. నాన్నగారికి తెలియనివ్వకండి, బెంగ పెట్టుకుంటారు అంటున్నాడు అతను. లోపల్నుంచి సన్నగా పిలుపు వినపడింది. "ఏవండీ డాక్టరమ్మగారూ. కట్టుకునేవాడిని నేనైతే సరుకు వాడికి చూపిస్తారేంటండీ?"

వెళ్ళి మంచం దగ్గర నిలబడ్డాను. కూర్చోమన్నారు. నిలబడి చూపిస్తే ఏదీ నచ్చదట. కుర్చీ లాక్కుని కూర్చుని, ఉన్న మార్గాలన్నీ చెప్పాను. ఒంట్లో ఓపిక లేక ఆపరేషను పనికిరానివాళ్ళకి, ఆ చెడ్డ పసరు బయటికి తీసే దారులు మూడు.

ఒకటి, పెద్ద మత్తు అక్కర్లేనిది. డొక్క దగ్గర తిమ్మిరెక్కేలా ఇంజెక్షను ఇచ్చి, స్కానింగులో చూసుకుంటూ, పక్కటెముకల సందులోంచి కాలేయం మీదుగా పిత్తాశయంలోకి సన్న గొట్టం దించుతారు. పసరు ఆ గొట్టంలోంచి బయట ఒక సంచిలో పడుతుంది. గొట్టం ఉన్నన్నాళ్ళూ ఆ సంచి ఒంటిని పట్టుకుని ఉంటుంది. ఇంకోదానికి నోట్లోంచి ఎండోస్కోపు పంపి, పేగులోకి పసరు పడే రంధ్రం వెతుక్కుని, అక్కణ్ణించి ఎదురెక్కి పిత్తాశయం దాకా ప్లాస్టిక్ గొట్టం పెట్టాలి. బయటికేమీ కనపడదు. కానీ అది మెలికల దారి, అందరిలోనూ దొరకదు. మూడోది కొత్తగా వచ్చింది. స్కాను చెయ్యగల ఎండోస్కోపుతో జీర్ణాశయం గోడలోంచి పక్కనే ఉన్న పిత్తాశయంలోకి, రెండు గదుల మధ్య కిటికీ పెట్టినట్టు, చిన్న లోహపు గొట్టం బిగిస్తారు. పసరు లోపలికి లోపలే పోతుంది. అది చేసేవాళ్ళు పెద్ద ఊళ్ళలో ఉన్నారు. ఈ చివరి రెంటికీ మాత్రం మత్తు కావాలి, చాలాసేపు కదలకుండా పడుకోవాలి.

కొడుక్కి మూడోది నచ్చింది. సంచీ గించీ లేకుండా నాన్నగారు నీటుగా ఉంటారని. పెద్దాయన అన్నీ విన్నారు. ఎన్నాళ్ళు మన్నుతుందని అడిగారు. స్నానానికి ఇబ్బందా అని అడిగారు. తరవాత అసలు మాట అడిగారు. "దేనితో అయితే నేను మళ్ళీ కొట్లో కూర్చోగలనమ్మా?"

కొట్టు కొడుకు చూసుకుంటున్నాడు. సగం కొట్టుని అద్దాల షోరూముగా మార్చేశాడు కూడా. కానీ మిగతా సగంలో పరుపులు అలాగే ఉన్నాయి. ఆ మూల కాసేపు కూర్చుని నాలుగు చీరలు విప్పడం ఒక్కటే ఆయనకి మిగిలిన బతుకు. అది లేకపోతే తనకీ ఇంట్లో మూటగట్టి పెట్టిన పాత బట్టలకీ తేడా లేదని ఆయన నమ్మకం. నాకు ఆ క్షణంలో అర్థమైంది, ఈయన ప్రాణం గురించి అడగడం లేదని. ఆ పరుపు గురించి అడుగుతున్నారు.

నేనింకా తటపటాయిస్తుంటే నా కళ్ళలోకి చూసి, "మీ నాన్నగారికైతే ఏది తీసుకుంటారమ్మా?" అన్నారు. రోజుకి ఒకరైనా నన్నడిగే ప్రశ్నే అది. నిర్ణయం మీదేనండి, మేం చెప్పకూడదు అనడం మాకు బాగా అలవాటు. ఆయన ముందు ఆ మాట నోట్లోంచి రాలేదు. మా నాన్నని ఆ మంచం మీద పడుకోబెట్టి చూసుకున్నాను. "మొదటిదేనండీ. మూడోది అందంగా ఉంటుంది. కానీ ఈ గుండెతో అంత మత్తు తట్టుకోలేరు. మా నాన్నకైనా ఈ గొట్టమే వేయిస్తాను" అన్నాను.

"అయితే అదే కట్టేయండి" అన్నారు.

మా స్కానింగు డాక్టరు నెమ్మదైన మనిషి. చీమ కుట్టినట్టు గొట్టం దించేశాడు. నల్లటి చిక్కటి పసరు సంచిలోకి దిగింది. మర్నాటికి జ్వరం జారింది. మూడోనాటికి కబుర్లలో పడ్డారు. నాది ఫలానా ఊరని చెబితే తల ఊపి, మీ అమ్మగారు నేరేడుపండు రంగు మీద మనసుపడి గంధం రంగు తీసుకెళ్ళారు, ఆవిడ అమ్మాయేనా అన్నారు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెబితే, నాకు గంధం రంగు చీర జన్మలో లేదు, ఆయన అందరికీ అలాగే చెబుతాడు అంది. మర్నాడు నిలదీశాను. "లేకపోతే ఉండాల్సిందమ్మా, ఆవిడకి బావుండేది" అని నవ్వారు.

ఇంటికి పంపేటప్పుడు జాగ్రత్తలు చెప్పాం. గొట్టం లాక్కోకూడదు, సంచి ఎప్పుడూ డొక్క కంటే కిందికి వేలాడుతూ ఉండాలి, పసరు పల్లానికి దిగుతుందే గాని ఎత్తుకి ఎక్కదు. అలాగేనమ్మా అన్నారు. మన గోదావరి వైపు "అలాగే" అంటే ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. అది తెలిసినదాన్నే, పుట్టి పెరిగినదాన్నే. అయినా సంతోషించాను.

శ్రావణం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం ముందు బట్టల కొట్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. కొడుకు ఫోన్ చేశాడు. మళ్ళీ చలి, మళ్ళీ నొప్పి, సంచిలోకి ఏమీ దిగడం లేదు, రమ్మంటే కొట్టు వదిలి రావడం లేదు అని. ఆ ఆదివారం గూడెంలో ఏదో పెళ్ళికి వెళ్ళాల్సి ఉంది. భోజనం చేసి తిన్నగా కొట్టుకి వెళ్ళాను.

ఆ పరుపు, ఆ దుప్పటి, ఎదురుగా ఆడవాళ్ళు. ఆయన మొహమంతా చెమట. దవడలు పీక్కుపోయాయి. అయినా చెయ్యి దుప్పటి నిమురుతోంది, చీరలు విప్పుతోంది. వెళ్ళి పక్కన కూర్చుని సంచి కోసం చూశాను. ఎక్కడా కనపడలేదు. ఏదండీ అన్నాను. ఆయన ఎవరూ చూడకుండా చొక్కా మీద గుండెల దగ్గర చెయ్యి వేసి చూపించారు.

జేబు బనీను. పాతకాలపు వ్యాపారస్తుల ఇళ్ళలో పుట్టినవాళ్ళకి తెలుస్తుంది. కొన్న బనీను కాదు, మందపాటి గుడ్డతో దర్జీ చేత కుట్టించుకునేది. లోపలి వైపు ఛాతీ మీద లోతైన జేబు ఉంటుంది. దారిదోపిడీ కాలం నుంచీ వాళ్ళకి లోకంలో అంతకంటే భద్రమైన చోటు లేదు. ఇనప్పెట్టె తాళమైనా, ఇంటి పత్రమైనా, మనవరాలి గొలుసైనా అందులోకే. పసరు సంచి కూడా అందులోకే వెళ్ళింది. గొట్టం డొక్కలోంచి బయటికొచ్చి, మడతపడి, పైకెక్కి గుండెల మీద జేబులో దూరింది. ఇక పసరు ఎక్కడికని పోతుంది?

నాకు ఒళ్ళు మండింది. ఆడవాళ్ళు వింటున్నారని కూడా చూడలేదు. మీకు కిందికి వదలమని చెప్పానా లేదా అని గట్టిగానే అన్నాను. ఆయన గొంతు తగ్గించి చెప్పారు, కిందికి వదిలితే దుప్పటి మీద పడుతుందని. కారి ఒక్క చుక్క పడ్డా మళ్ళీ ఈ పరుపు మీద ఎవరు కూర్చుంటారని. వచ్చిన లక్ష్ముల ముందు దీన్ని పరిచి పెట్టనా అని. సరే, కుర్చీలో కూర్చోండి, సంచి దానంతటదే కిందికి వేలాడుతుంది అన్నాను. కొడుకు ఆ మాట కోసమే కాచుకున్నట్టు షోరూములోంచి కుర్చీ పట్టుకొచ్చాడు.

ఆయన దానివంక చూడనైనా లేదు. "వాళ్ళు కింద కూర్చుంటే నేను పైన కూర్చుని చీర జారవిడవనా అమ్మా? అది చూపించడం అవదు, పడెయ్యడం అవుతుంది."

"అయితే ఇంటి దగ్గరే ఉండండి నాన్నగారూ" అన్నాడు కొడుకు. చెడ్డవాడు కాదు. తండ్రి చచ్చిపోతాడన్న భయం. కానీ ఆ మాటకి పెద్దాయన చెయ్యి దుప్పటి మీద ఆగిపోయింది.  గొట్టం కిందికి వదిలితే కొట్టు లేదు. కొట్లో కూర్చుంటే ప్రాణం లేదు. మధ్యలో వాళ్ళ నాన్నగారి చట్టం.

ఆ సాయంత్రమే నా కార్లో ఏలూరు తీసుకొచ్చాను.  గొట్టం కడిగి, ఇంజెక్షన్లు పెడితే మళ్ళీ తేరుకున్నారు. వెళ్ళేటప్పుడు అవే జాగ్రత్తలు చెప్పాను. ఈసారి అలాగే అని కూడా అనలేదు. అందుకని బెంగపడ్డాను.

కొన్నాళ్ళకి ఆ వైపు వెళ్తూ ఆగి చూశాను. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెద్దాయన అరుగు చివరికి జరిగి, కాళ్ళు మెట్ల మీదికి దించి కూర్చుని ఉన్నారు. పక్కన పరుపు మీద ఆడవాళ్ళు. ఆయనా వాళ్ళూ ఒకే ఎత్తు. నడుం తిప్పి దుప్పటి నిమిరి చీర విప్పుతున్నారు. అరుగు అంచుకి కింద, గోడకి ఒక మేకు. ఆ మేకుకి సంచి. రోడ్డు వైపు, చెప్పుల మీద, ఊరంతా చూసేటట్టు వేలాడుతోంది. మా నాన్న కట్టుకాలితో కూర్చున్నది ఆ మెట్ల మీదే.

గుండెల మీద దాచుకున్నదాన్ని తీసి బజారులో పెట్టడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాతో చెప్పలేదు. కోడలు చెప్పింది, మొదటి రోజు తల ఎత్తలేదని, మధ్యాహ్నం అన్నం తినలేదని. రెండో రోజు పాత ఖాతాదారు ఒకావిడ మెట్లెక్కబోతూ ఆగి ఇదేంటండీ అని అడిగిందట. "నా పిత్తాశయమండీ. లోపల కూర్చుని గొడవ చేస్తోందని బయటికి పంపేశాను" అన్నారట. ఆవిడ పగలబడి నవ్వి, చెప్పులు దానికి తగలకుండా పక్కకి విడిచి ఎక్కిందట. ఆ రోజు నుంచి వచ్చినవాళ్ళందరూ చెప్పులు మేకుకి ఎడంగా విడవడం మొదలుపెట్టారు.

తరవాత దానికి దర్జీ చేత తొడుగులు కుట్టించారు. జాకెట్టు ముక్కల్లో మిగిలినవాటితో, పైన బొందు, అడుగున పసరు కనపడేలా ఖాళీ. వాటికి గవున్లని పేరు పెట్టారు. నాలుగైదు నాకూ పంపారు, ఇంకెవరైనా సిగ్గుపడేవాళ్ళుంటే ఇవ్వమని. రోజూ పొద్దున్నే నాకు ఫోన్. హలో లేదు, ఏం లేదు. "ఇవాళ గంధం రంగమ్మా." "ఇవాళ మామిడి చిగురు." ఒకరోజు బురద రంగు అన్నారు, వెంటనే రమ్మన్నాను. ఆయన పసరు రంగు వినకుండా నాకు కాఫీ దిగేది కాదంటే మీరు నవ్వుతారు.

ఇంకో తంటా వచ్చిపడింది. కొల్లేటి ఊళ్ళ నుంచి చీరలకి వచ్చి, కుడి డొక్క నొప్పి అన్న ప్రతివాళ్ళనీ నా దగ్గరికి పంపేవారు. వాళ్ళు తిన్నగా వచ్చి, మూడు రకాలూ చూపించండమ్మా అని కూర్చునేవారు. మీరు రాయిలా ఉన్నారు, మీకు ఆపరేషనే, ఆ రకాలు ఒంట్లో ఓపిక లేనివాళ్ళకి అని ఎంత చెప్పినా, ముందు చూపించండి, తరవాత చూద్దాం అనేవారు. అంతా ఆయన శిక్షణ.

గొట్టం మార్చడానికి వచ్చినప్పుడల్లా ఎత్తిపొడిచేవారు, మా కొట్లో అమ్మిన సరుకు మార్చం, మీరేంటమ్మా ఊరికే మారుస్తారు అని. చలికాలంలో గుండె కాస్త నెమ్మదించింది. విజయవాడలో ఒక డాక్టరు లోపలి గొట్టం ప్రయత్నిద్దామన్నాడు. కొడుకు ఆశపడ్డాడు. పెద్దాయన మళ్ళీ అదే ప్రశ్న అడిగారు నన్ను. ఈసారి నాకు తెలియడం లేదండీ, రెండూ సమానంగానే ఉన్నాయి అని ఉన్నమాట చెప్పాను. కొట్లో కూర్చుంటున్నాను కదమ్మా, నాకు కావాల్సింది దొరికాక ఇంకో కొట్టుకి ఎందుకు వెళ్ళడం అన్నారు. అంతటితో ఆ మాట అయిపోయింది.

ఎండలు ముదిరాక గుండె అలిసిపోయింది. పిత్తాశయం చివరిదాకా బుద్ధిగానే ఉంది. ఆసుపత్రికి వచ్చిన రోజు కూడా సంచిలో గంధం రంగే. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, కూర్చున్నా ఆయాసమే. ఆక్సిజన్ పెట్టాం, నీరు లాగే మందులిచ్చాం. గుండె డాక్టరు చెయ్యగలిగినవన్నీ చేసి, మర్నాడు పొద్దున్న నావైపు చూసి తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. కొడుకు కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు.

పెద్దాయన కళ్ళు తెరిచి నన్ను రమ్మని వేళ్ళు కదిపారు. కుర్చీ కోసం చూశాను, దగ్గర్లో లేదు. మంచం పక్క ఉన్న మెట్టుబల్ల మీదే కూర్చున్నాను. అలా కూర్చుంటే నా మొహం ఆయన మొహానికి సరిగ్గా ఎదురుగా వచ్చింది. ఇన్ని నెలల్లో ఎప్పుడూ ఆయన్ని అలా చూడలేదు. ఆయన నన్నూ, నేను కూర్చున్న చోటునీ చూశారు. మొహం విచ్చుకుంది. ఇప్పటికి మీకు అమ్మడం వచ్చిందే అన్నట్టు.

చెయ్యి మెల్లగా కదిలింది. ఎదర ఉన్న దుప్పటిని నిమిరారు. ముడతేం లేదు. మాస్కు లోపల్నుంచి మాట వచ్చింది.

"చూపించండమ్మా."

ఏం చూపించను? ఇక నా దగ్గర ఏ రకమూ లేదు.  ఆయన అలాగే చూస్తున్నారు, కొట్లో ఎవరైనా తేల్చుకోలేకపోతే తొందరపెట్టకుండా చూసినట్టు. నేను పక్కబల్ల మీదున్న గ్లాసు అందుకుని, మాస్కు కొంచెం తప్పించి, చెంచాతో మంచినీళ్ళు పోశాను. మింగారు. పెదాలు తడిశాయి. మళ్ళీ నోరు తెరిచారు. ఇంకో చెంచా పోశాను. ఇక చాలని ఆయన కళ్ళు మూసుకునేదాకా ఆ మెట్టు మీంచి లేవలేదు.